పద్దెనిమిది సెకన్ల తేడా

పదింటికి రమ్మన్నారు, పదింటికే వచ్చి కూర్చుంది, తీరా చూస్తే వరండా గోడ మీది గడియారం ఇంకా పదికి నాలుగు నిమిషాలు తక్కువే చూపిస్తోంది, కరెంటు వాళ్ల పెద్దాఫీసు గోడ మీద ఇలాంటి గడియారమా, సిగ్గు లేకపోతే సరి, అనుకుంది ఆమె, అలవాటు కొద్దీ చేతి గడియారంతో పోల్చి చూసుకుని. ఎక్కడ గడియారం కనపడినా అది ఎంత తప్పుతోందో చూడనిదే ఆమెకు తోచదు, ఆస్పత్రిలోనైనా అంతే, ఎవరైనా పోయిన ఇంటికి పలకరింపుకు వెళ్లినా అంతే, అందుకే ఆఫీసులో గడియారాల మేడమ్ అంటారు, ముఖం మీదే అంటారు, దానికి ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు, చెప్పొద్దూ, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది, నిన్న మధ్యాహ్నం దాకా. ఆ మూసిన తలుపు వెనక తమ్ముడున్నాడు, విచారణ చేయడానికి వేరే ఊరి నుంచి వచ్చిన అధికారి ఎదురుగా. వాడి తర్వాత తన వంతు. తనను అడిగేది ఒకే ఒక్క ప్రశ్న అని ముందే చెప్పారు, సబ్‌స్టేషన్‌లో మీరు పెట్టిన గడియారం సరిగ్గా ఉందా లేదా, రెండు నిమిషాల పని మేడమ్, అన్నారు. ఒళ్లో చేతిసంచీ, సంచీలో రెండు కాగితాలు. ఒకటి దళసరిది, సంతకం చేసి ముద్ర కూడా వేసింది, గడియారంలో తేడా సున్నా అని దాని మీద ఉంది. రెండోది రెండు వేళ్ల వెడల్పు చీటీ, పరీక్ష యంత్రం నోట్లోంచి వచ్చిన చీటీ, దాని మీద పద్దెనిమిది అని ఉంది. ఆ సంచీ బరువెంతని, అయినా బండరాయి మోస్తున్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

బెంచీ ఆ చివర పెద్ద లైన్‌మన్ ఉన్నాడు. పదిహేనేళ్లుగా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తోంది, చుట్టరికం ఏమీ లేదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో స్తంభాల మధ్య ఎండలో తిరిగి కళ్లు తిరిగితే తన టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టిన మనిషి, అంతే. చెప్పులు బెంచీ కింద విప్పుకుని, పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, బడిలో తప్పు చేసి నిలబడ్డ పిల్లాడిలా కూర్చున్నాడు. ఆయన చెప్పాల్సింది పొద్దున్నే చెప్పేశాడట, గుమాస్తా దాన్ని టైపు చేస్తున్నాడు, ఆమె చెప్పేది కూడా అయ్యాక పిలుస్తారు, సంతకం పెట్టి వెళ్లిపోవచ్చు. ఏం చెప్పాడో అడగాల్సిన పని లేదు, ఆయన గడ్డం చూస్తేనే తెలుస్తోంది, మూడు వారాలుగా గీయలేదు. మూడు వారాల కింద ఆయనతో కలిసి లైను మీద పనికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఇద్దరూ పదేళ్లుగా జంట, ఒకరు పైకెక్కితే ఒకరు కింద నిలబడేవారు, పని అయ్యాక పైనున్నవాడు దిగి నేల మీద కాలు పెడితేనే కిందివాడు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, అయిపోయింది, లైన్ క్లియర్, అనాలి, ఆ మాట విన్నాకే అక్కడి ఆపరేటర్ బ్రేకర్ వేసి లైనులోకి కరెంటు వదలాలి. ఆ రోజు పని అయింది, రక్షణ కోసం నేలకు కట్టిన గొలుసులు కూడా విప్పేశారు, పైనున్నవాడు సామాను సర్దుకుని దిగుతున్నాడు, సగం దిగాడు, కరెంటు వచ్చింది. కరెంటు వదిలిన ఆపరేటర్ ఆమె తమ్ముడు.

ఫోన్ వచ్చాకే వేశాను, అంటాడు తమ్ముడు. వాడు పడిపోయాకే ఫోన్ చేశాను, అన్నాడు బాబాయ్, మొదటి రోజు, రెండో రోజు కూడా. ఫోన్‌లో నాలుగు సెకన్లే మాట్లాడినట్టు ఉంది, ఏం మాట్లాడాడో బాబాయ్‌కి గుర్తు లేదు, నోట మాట రాలేదేమో, తమ్ముడికీ ఏదో గందరగోళంగా వినపడింది తప్ప మాటలు తెలియలేదు. ఇద్దరిలో ఎవరిది నిజం, ఎవరు తేల్చాలి, యంత్రమే తేల్చాలి. ఫోన్ కంపెనీ లెక్కలో ఆ ఫోన్ పదకొండు గంటల ఇరవై నిమిషాల నలభై సెకన్లకు వచ్చింది. సబ్‌స్టేషన్ రికార్డులో, ఆమె పెట్టిన గడియారం లెక్కన, బ్రేకర్ పడింది పదకొండు గంటల ఇరవై నిమిషాల యాభై ఒకటో సెకనుకు, చుక్క తర్వాత ఇంకో ఆరు అంకెలు కూడా ఉన్నాయి, సెకనులో పదిలక్షో వంతు దాకా. ముందు ఫోన్, పదకొండు సెకన్ల తర్వాత కరెంటు. అంటే ముసలాయన తొందరపడి ముందే ఫోన్ చేసేశాడన్నమాట, పాపం, వయసు మీద పడింది, అన్నారు అందరూ. చనిపోయినవాడి భార్య ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, ఆ రికార్డు సంగతి తెలిశాక ఈయన గుమ్మంలోకి వెళ్తే తలుపేసుకుందట.

ఆ చుక్క తర్వాతి ఆరు అంకెలు చూసి జనం ఎంత నమ్ముతారో! ఆమె కూడా అంతే, ఆ అంకెలంటే చిన్నప్పటి నుంచీ వల్లమాలిన ఇష్టం. లాబులో మీటర్లు పరీక్ష చేసేటప్పుడు వెయ్యింటికి రెండు పాళ్ల తేడా వస్తే ఆ మీటర్ని పక్కన పెట్టేస్తుంది, ఎంతటివాడు వచ్చి బతిమాలినా లొంగదు, పోనీలెండి మేడమ్ అంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది, పోనిస్తే ఎలా, కరెంటు కంటికి కనపడదు, చేత్తో పట్టుకుని చూడలేం, కొలత ఒక్కటే దాన్ని చూసే కన్ను, ఆ కన్నుకు పొర కమ్మితే ఇంకేముంది, అంటుంది. ఇలాంటి మాటలు బోలెడు చెప్పేది, లైన్‌మన్లకు క్లాసు పెట్టినప్పుడల్లా చెప్పేది. పోయిన ఏడాది క్లాసులో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది కూడా, మనిషి మర్చిపోతాడు, యంత్రం మర్చిపోదు, అని. మొదటి వరసలో కూర్చున్న బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. ఎందుకు గుర్తొచ్చింది ఇప్పుడు ఆ నాలుక కొస, ఛీ.

వరండా చివర కిటికీలోంచి ఎండ బెంచీ కాలు దాకా వచ్చింది. లోపల తమ్ముడి గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు కానీ ఆ తొందర తెలుస్తోంది, ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట. పుట్టడమే తొందరగా పుట్టాడు వాడు, ఎనిమిదో నెలలోనే, అమ్మ వాణ్ణి దూదిలో చుట్టి ఆమె ఒళ్లో పెట్టింది, ఆరేళ్లు ఆమెకు అప్పటికి, ఇదిగో నీ తమ్ముడు, జాగ్రత్త, అంది. జాగ్రత్త అన్న మాట అమ్మ ఏదో మాటవరసకు అని ఉంటుంది, ఆమె మాత్రం ఉద్యోగంలా పుచ్చుకుంది. అమ్మానాన్నా ఇద్దరూ పనికి పోతే సాయంత్రం దాకా వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడానికి ఒక ఆట కనిపెట్టింది, కళ్లు మూసుకోవాలి, సరిగ్గా ఒక నిమిషం అయిందనిపించాక తెరవాలి, గడియారం ఆమె చూస్తుంది. వాడు ఏనాడైనా నిమిషం ఆగితేగా, నలభై సెకన్లకే కళ్లు తెరిచేసేవాడు, అక్కా, అయిందా, సరిగ్గా నిమిషమేనా, అని ఆ కళ్లు ఇంతింత చేసుకుని చూస్తే, కాలేదురా అని చెప్పడానికి ప్రాణం ఒప్పేది కాదు. సరిగ్గా నిమిషమే రా, అనేది. చప్పట్లు కొట్టి ఇల్లంతా గెంతేవాడు. ఎన్నిసార్లు అలా అందో లెక్కే లేదు. మూడు వారాలుగా పొద్దున్నే ఫోన్ చేస్తాడు, పళ్లయినా తోముకోకుండా, అక్కా, నీ గడియారమే లేకపోతే నేనేమైపోయేవాణ్ణి, నా చెయ్యి మీద ఒక ప్రాణం పోయిందని ఎలా బతికేవాణ్ణి, అంటాడు. అబద్ధం చెప్పడం లేదు వాడు, అదే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. మొదటి రెండు రోజులూ వాడికీ తెలియదు, ఫోన్ మోగడం గుర్తుంది, బ్రేకర్ హ్యాండిల్ చేతికి చల్లగా తగలడం గుర్తుంది, ఏది ముందో గుర్తు లేదు. అప్పుడు అన్నం ముట్టలేదు, ఎవరితో మాట్లాడలేదు, నాలుగేళ్ల కూతురు దగ్గరికొస్తే ఎత్తుకోలేదు. ఆ రోజు రెండు లైన్ల మీద పని జరుగుతోంది, రెండో లైను వాళ్లు క్లియర్ చెప్పారు, ఆ హడావుడిలో రెండు లైన్లకూ చెప్పినట్టే అనుకున్నాడో ఏమో, ఎవరికి తెలుసు. మూడో రోజు రికార్డు కాగితం వచ్చింది. ఆ కాగితం చూశాక వాడికి గుర్తొచ్చింది, ఫోనే ముందు, అని. నిజంగానే గుర్తొచ్చింది వాడికి, కళ్లకు కట్టినట్టు చెప్పాడు.

"అమ్మా, మిమ్మల్ని ఒక మాట అడగొచ్చా?" అన్నాడు బాబాయ్.

ఉలిక్కిపడింది. ఆయన ఆమె వైపు చూడటం లేదు, తన అరచేతుల కేసి చూసుకుంటున్నాడు, తీగలు కోసిన గాట్లు, మానినవి, మానీ మాననివి.

"ఆ ఫోను నేను ముందే చేసేసి ఉంటానంటారా? నాకైతే వాడు పడ్డాకే చేసినట్టు గుర్తు. కళ్లు మూస్తే అదే కనపడుతుంది. కానీ యంత్రం అబద్ధమాడదు కదమ్మా. మీరే చెప్పారుగా క్లాసులో."

ఆయనే మళ్లీ అందుకున్నాడు, ఎవరితోనో కాదు తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు. "గొలుసులు విప్పేశాం కదా, దిగుతున్నాడు కదా, ఇంకెంత, అని చేసేశానేమోనమ్మా. అలాగే అయ్యుంటుంది. మొన్నటి నుంచీ అలాగే గుర్తొస్తోంది కూడాను, జేబులోంచి ఫోను తీస్తున్నట్టు, వాడింకా పైనే ఉన్నట్టు. అదే రాసుకోండి అని చెప్పేశాను పొద్దున."

"మంచినీళ్లు తాగుతారా బాబాయ్?" అంది ఆమె. ఆయన తల అడ్డంగా ఊపాడు, ఊపి, మళ్లీ అరచేతుల కేసి చూసుకున్నాడు. ఇన్నేళ్లు ఎండలో వానలో స్తంభాలెక్కిన చేతులు, నువ్వు చంపావంటే అవును నేనే చంపాను అంటున్నాయి, ఎందుకంటే ఆమె క్లాసులో చెప్పింది కాబట్టి. ఒకే గడియారం, ఒకే అంకె, దాన్ని పట్టుకుని తమ్ముడు ఒడ్డెక్కాడు, దాన్ని పట్టుకునే ఈయన మునిగిపోతున్నాడు, ఇద్దరికీ తను రాసిపెట్టిన మాటే వేదమైంది. సంచీలో ఆ చీటీ ఉందో లేదో అని అనుమానం వచ్చింది, వేలితో తడిమి చూసింది, ఉంది.

నిన్న మధ్యాహ్నం లాబు నుంచి మేలుగడియారం పట్టుకుని సబ్‌స్టేషన్‌కు వెళ్లింది, మిగతా గడియారాలన్నిటికీ అది తల్లిలాంటిది, దాని పక్కన పెట్టి చూసే వేరే గడియారాలకు సర్టిఫికెట్ ఇస్తారు. విచారణకు ఒక సర్టిఫికెట్ కావాలన్నారు, అంతే, మామూలు పని. రెండిటినీ పరీక్ష యంత్రానికి కలిపి మీట నొక్కింది, తేడా సున్నా అని వస్తుందని దాని ముఖం కూడా చూడలేదు, చీటీ చింపి మడిచి సంచీలో పెట్టుకోబోతూ చూసింది. పద్దెనిమిది. చుక్క తర్వాత అన్నీ సున్నాలు. యంత్రం చెడిందేమోనని మళ్లీ నొక్కింది, మళ్లీ పద్దెనిమిది, తీగలన్నీ ఊడదీసి మళ్లీ కలిపింది, పద్దెనిమిది, కచ్చితంగా పద్దెనిమిది, అటూ ఇటూ వెంట్రుకవాసి లేదు. చెడిపోయిన గడియారం అంత కచ్చితంగా తప్పదు, అది ఆమెకు తెలుసు, గడియారం నిక్షేపంలా ఉంది, దానికి చెప్పాల్సింది చెప్పని మనిషిదే తప్పు. భూమి తిరగడంలో కాస్త బద్ధకిస్తుంది, అందుకని నేల మీది గడియారాలకు ఎన్నేళ్లకో ఒకసారి ఒక సెకను కలిపి సరిచేస్తారు, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల గడియారాలకు ఆ గొడవ పట్టదు, అవి తమ మానాన లెక్కపెట్టుకుంటూ పోతాయి, అలా పేరుకున్న తేడా ఇప్పటికి పద్దెనిమిది సెకన్లు. సబ్‌స్టేషన్ గడియారం ఉపగ్రహాన్ని చూసి సమయం తెలుసుకుంటుంది, కాబట్టి కొత్తది పెట్టినప్పుడల్లా దాని పట్టికలో కిందికి దిగి, ఏడో వరసలో, సవరణ అన్న చోట అవును అని పెట్టాలి. పెట్టకపోతే అది పద్దెనిమిది సెకన్లు ముందు నడుస్తుంది. పెట్టకపోయినా పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, ఎవరు చూసినా భేషుగ్గా ఉందనుకుంటారు. ఆ ఏడో వరసలో, కాదు, అని ఉంది.

అక్కడే, గడియారం ఉన్న బీరువా ముందు నేల మీద చతికిలబడింది. యాభై ఒకటిలోంచి పద్దెనిమిది తీసేస్తే ముప్పై మూడు, ఈ మాత్రం లెక్కకు కాగితం అక్కర్లేదు. బ్రేకర్ పడింది ముప్పై మూడో సెకనుకు, ఫోన్ వచ్చింది నలభైకి. ముందు కరెంటు, తర్వాత ఫోన్. ఏడు సెకన్లు. పైనుంచి మనిషి పడటం చూసి, కేక పెట్టి, జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కడానికి ఏడు సెకన్లు పడుతుంది, సరిగ్గా సరిపోతుంది. బాబాయ్ మొదటి రోజు చెప్పిందే నిజం.

మరి ఆ ఏడో వరస దగ్గర తను ఎందుకు ఆగిపోయింది, ఇన్నేళ్లలో ఎన్ని గడియారాలు పెట్టింది, ఏ ఒక్కదానిలోనైనా మర్చిపోయిందా. పిడుగు పడి పాత గడియారం మాడిపోతే కొత్తది పెట్టడానికి వెళ్లింది, ప్రమాదానికి మూడు వారాల ముందు. ఆ వేళ తమ్ముడిదే డ్యూటీ. ఆరు వరసలు అయ్యాయి. అక్కా, భోజనం చల్లారిపోతోంది, వస్తావా రావా, అని వాడు నాలుగోసారి పిలిచాడు, ఆమెకని ఇంట్లో చెప్పి ఇష్టమైనవన్నీ చేయించి డబ్బా నిండా తెచ్చాడు, పది నిమిషాల్లో తినేసి వచ్చి చూద్దాంలే అనుకుని లేచింది. ఆపరేటర్ బల్ల మీదే తిన్నారు ఇద్దరూ, వాడు కూతురి వేషాలు చెప్పి నవ్విస్తుంటే పొలమారింది, నెత్తి మీద తట్టాడు, ఎవరో తలుచుకుంటున్నారక్కా, బావే అయ్యుంటాడు, అన్నాడు. ఎంత హాయిగా ఉందో ఆ మధ్యాహ్నం. తిరిగి వచ్చేసరికి పచ్చదీపం వెలుగుతోంది, ముచ్చటేసింది చూడగానే, బీరువా తలుపు వేసి తాళం పెట్టేసింది. అంతే జరిగింది. ఎవరైనా వింటే నవ్వుతారు. తమ్ముడి చేతి కూడు తిని, ఒక వరస మర్చిపోయింది.

ఇంతవరకూ అయితే పొరపాటు. నిన్న అక్కడ నేల మీద నుంచి లేచాక చేసినదాన్ని ఏమంటారో ఆమెకు తెలియదు. లేచి, పట్టికలో ఏడో వరసకు వెళ్లి, అవును అని పెట్టింది. గడియారం తప్పు నడుస్తుంటే చూస్తూ ఊరుకుంటామా, సరిచేయడం నా పని కదా, అని తనకు తనే చెప్పుకుంది, చేతులు మాత్రం దొంగ చేతుల్లా గబగబా కదిలాయి. మళ్లీ పరీక్ష పెట్టింది, సున్నా. ఆ సున్నాకు సర్టిఫికెట్ రాసింది, ఈ రోజు తేదీన గడియారం సరిగ్గా ఉన్నది అని, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, సంతకం పెట్టింది, ముద్ర వేసింది. ఆ గడియారం చవకరకం, ఎవరు ఎప్పుడు ఏ వరస మార్చారో గుర్తుపెట్టుకోదు. ఇక లోకంలో ఆ పద్దెనిమిది సెకన్లు ఎక్కడా లేవు, ఆమె తలలో తప్ప, ఈ చీటీ మీద తప్ప. ఈ చీటీ కూడా వేడికి అచ్చు దిగే రకం కాగితం, నాలుగు నెలలు ఎండ తగిలితే తెల్లబడిపోతుంది. చింపేద్దామని దారిలో రెండుసార్లు బండి ఆపింది. ఎందుకు చింపలేదో, చింపనిది ఇక్కడికి ఎందుకు పట్టుకొచ్చిందో, అడిగితే చెప్పలేదు. కొలిచిన కాగితం పారేయడం చేతకాదు ఆమెకు, అదొక రోగం.

పోనీ నోరు మూసుకుంటే ఏమవుతుంది. పోయినవాడు ఎలాగూ రాడు. బాబాయ్‌కి ఇంకో ఏడాదిలో ఉద్యోగం అయిపోతుంది, తీసేస్తే ఇప్పుడే తీసేస్తారు, జైలుకైతే పంపరు, వయసు చూసి వదిలేస్తారు, అందరూ అంటున్నారు. తమ్ముడికి ముప్పై నాలుగు, ముందుంది జీవితమంతా, ఆ పసిదానికి నాన్నంటే ప్రాణం, వాడు జైలుకు పోయినా పోవచ్చు, పోకపోయినా మనిషిగా మిగలడు, ఆ మొదటి రెండు రోజులూ చూసింది కదా వాడి ముఖం, నెత్తుటి చుక్క లేదు. చెప్పడమంటే వాణ్ణి మళ్లీ ఆ రెండు రోజుల్లోకి తన చేత్తో తోసి తలుపు వేయడమే. ఏ అక్కైనా చేస్తుందా ఆ పని. నీకేం పోయేకాలం వచ్చిందే, అని అమ్మ అంటుంది, అమ్మ లేదు కానీ ఉంటే అదే అంటుంది. ఆమెకు ఒక్కసారిగా వాడి మీద కోపం వచ్చింది, ఎందుకురా అంత తొందర, ఒక్క నిమిషం ఆగి ఎవరు క్లియర్ చెప్పారో చూసుకోవడానికి ఏం, అని చెంప పగలగొట్టాలన్నంత కోపం, వెంటనే ఆ కోపం తన మీదికే తిరిగింది, ఆగడం నువ్వు నేర్పావా వాడికి, ఏనాడైనా కాలేదురా అన్నావా. కళ్లు నీళ్లతో నిండాయి. పక్కకు తిరిగి కొంగుతో తుడుచుకుంటుంటే బాబాయ్ చూశాడు. చూసి, పాపం, తన కోసమే ఏడుస్తోందనుకున్నాడు కాబోలు, ఊరుకోండమ్మా, అన్నట్టు చెయ్యి ఊపాడు. భగవంతుడా, ఆ చెయ్యి చూడలేకపోయింది.

లోపల సగం చెబితే, అనుకుంది. గడియారం సంగతి నాకు కచ్చితంగా తెలియదు సార్, అంటే. అప్పుడు ఎవరి తప్పో తేలదు, ఇద్దరూ బయటపడతారు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కానీ బాబాయ్ బయటపడేది ఎక్కడ, ఆయన విచారణలోంచి బయటపడతాడేమో, ఆయనకు ఆయన అప్పుడే శిక్ష వేసేసుకున్నాడు, జేబులోంచి ఫోను ముందే తీసినట్టు గుర్తు తెచ్చుకుంటున్నాడు, లేని జ్ఞాపకాన్ని కష్టపడి తయారు చేసుకుంటున్నాడు, రోజుకింత. ఇంకో నెల పోతే ఎవరు వచ్చి కాదన్నా వినడు. నా చేత్తో చంపుకున్నాను వాణ్ణి, అనుకుంటూనే పోతాడు. దానికి తను సాక్షి సంతకం పెట్టాలి, ముద్ర వేసి. సంచీ గట్టిగా పట్టుకుంది, వేళ్లు నొప్పెట్టాయి, గోడ మీద ముల్లు పదకొండుకు ఇంకా చాలా దూరంలో ఉంది, కాదు, అది నాలుగు నిమిషాలు వెనక కదా, లెక్క తప్పింది ఆమెకు, మొదటిసారి.

తలుపు తెరుచుకుంది. తమ్ముడు బయటికి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది, ముఖం మాత్రం తేటపడింది, మూడు వారాల తర్వాత వాడి ముఖంలో కాస్త కళ కనపడింది.

"అయిపోయిందక్కా. ఇక నీ మాట ఒక్కటే. గడియారం సంగతి చెప్పేసి వచ్చెయ్, ఇంటికెళ్లి తిందాం, పాప నిన్ను తీసుకురమ్మంది."

అని ఆమె పక్కన కూర్చోబోయినవాడు బాబాయ్‌ని చూసి ఆగాడు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. ఒక క్షణం తటపటాయించి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబాయ్, నీ మీద నాకేం కోపం లేదు. కావాలని చేశావా ఏంటి నువ్వు. తొందరపాటు ఎవరికైనా జరుగుతుంది. లోపల కూడా అదే చెప్పాను, పెద్దాయన్ని ఏమీ అనకండి సార్ అని."

బాబాయ్ ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు, కళ్లకు అద్దుకున్నాడు. "నీ మేలు మర్చిపోను బాబూ," అన్నాడు. "ఎవరికి వస్తుంది అంత మంచి మనసు." తమ్ముడి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. వాడి మనసు నిజంగానే మంచిది, ఆ చెయ్యి వేయడంలో నటన ఇసుమంత లేదు, అది ఆమెకు తెలుసు, వాణ్ణి ఎత్తుకు పెంచింది. చంపినవాడు క్షమిస్తున్నాడు, చంపనివాడు చేతులు జోడిస్తున్నాడు, ఇద్దరికీ తెలియదు, ఆ బెంచీ మీద తెలిసింది తనకొక్కదానికే. లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆమె లేచి, సంచీ పట్టుకుని లోపలికి వెళ్లింది.

గది చిన్నది, బల్ల మీద ఫైళ్లు, ఒక నీళ్ల గ్లాసు, తమ్ముడు సగం తాగినది. అధికారి మర్యాదగానే కూర్చోమన్నాడు. "సర్టిఫికెట్ తెచ్చారా?" అన్నాడు. తెచ్చాను సార్, అంది, రెండు కాగితాలూ తీసి బల్ల మీద పెట్టింది, ముందు దళసరిది, దాని మీద చీటీ. "ఇది నిన్న నేను గడియారం సరిచేశాక సార్. ఇది సరిచేయక ముందు. పద్దెనిమిది సెకన్లు ముందు నడుస్తోంది. పెట్టిన రోజు నుంచీ అంతే. ఒక వరస మర్చిపోయాను. తప్పు నాది." ఎక్కడా తడబడకుండా చెప్పింది, క్లాసులో పాఠం చెప్పినట్టు. సరిచేసి ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పింది. ఆయన పెన్సిల్ తీసి ఫైలు అంచున యాభై ఒకటి వేసి, దాని కింద పద్దెనిమిది వేసి, చిన్నపిల్లల్లా గీత గీసి తీసేశాడు. ముప్పై మూడు దగ్గర పెన్సిల్ ఆగింది.

"అంటే ఆ ఫోన్ వచ్చేసరికే..."

"అవును సార్. ఏడు సెకన్లు అయింది."

తలుపు పూర్తిగా పడలేదు. బయట తమ్ముడు బంట్రోతుతో అంటున్నాడు, మూడు టీలు చెప్పన్నా, బాబాయ్‌కి చక్కెర తక్కువ, అక్క ఇప్పుడే వచ్చేస్తుంది, అని. అధికారి కొత్త కాగితం తీసుకున్నాడు, పైన తేదీ వేశాడు, ఆమె ఉద్యోగం ఏమిటో రాసుకున్నాడు. "ఇది అందర్నీ అడగాల్సిన ప్రశ్న, ఏమీ అనుకోకండి," అన్నాడు తలెత్తకుండానే. "ఈ కేసులో ఉన్నవాళ్లలో మీకు బంధువులెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు సార్," అంది ఆమె. "బ్రేకర్ వేసినవాడు మా తమ్ముడు."